లినక్స్ ఎక్కింది, వైఫై ఎందుకు రాలేదు?

“సార్, ల్యాప్‌టాప్‌ల విండోస్ తీసేసి ఉబుంటు ఎక్కించిన. స్క్రీన్, సౌండు, కీబోర్డు అన్నీ మంచిగనే ఉన్నయి. వైఫై ఒక్కటే వస్తలేదు. కార్డు ఖరాబయిందా?”

కాలేదు. నిన్నటిదాకా విండోస్‌లో పనిచేసిన కార్డు ఓఎస్ మార్చినంత మాత్రాన పాడైపోదు. నూటికి తొంభై సందర్భాల్లో అని అంకె చెప్పను గానీ, ముందుగా అనుమానించాల్సింది కార్డును మాత్రం కాదు.

ఈ ప్రశ్న ఇప్పుడు గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు లాంటి చోట్ల మరింత అవసరమైనది. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ముగిసింది. విండోస్ 11 ఎక్కాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు, కొంత కొత్త తరం ప్రాసెసర్ ఉండాలి. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో సెకండ్ హ్యాండ్‌లో కొని తెచ్చుకున్న ల్యాప్‌టాప్, అన్న చదువు అయిపోయాక తమ్ముడికి వచ్చిన ల్యాప్‌టాప్ ఆ పరీక్షలో నెగ్గకపోవచ్చు. అవి ఇంకా ఐదారేళ్లు నిక్షేపంగా పనిచేయగల యంత్రాలు. వాటిని లినక్స్ బతికిస్తుంది. వైఫై రాలేదన్న ఒక్క కారణంతో మళ్లీ ఫార్మాట్ కొట్టి, దొంగ విండోస్ ఎక్కించుకోవడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది. కాబట్టి కొంచెం ఓపిగ్గా చూద్దాం.

కార్డు మంచిగుంటే వైఫై ఎందుకు రాదు?

మూడు కలిస్తేనే వైఫై వస్తుంది. మొదటిది కార్డు, అంటే దాని మీదున్న చిప్. రెండోది డ్రైవర్. ఆ చిప్‌తో ఎలా మాట్లాడాలో ఓఎస్‌కు తెలిపే ప్రోగ్రాం ఇది. లినక్స్‌లో డ్రైవర్లు చాలావరకు కెర్నల్‌తోనే, అంటే ఓఎస్ మూల భాగంతోనే, కలిసి వస్తాయి, కంపెనీ వెబ్‌సైటుకు వెళ్లి వెతకాల్సిన పని ఉండదు. మూడోది ఫర్మ్‌వేర్. అసలు చిక్కు ఎక్కువగా ఇక్కడే ఉంటుంది.

ఈ రోజుల్లో వైఫై చిప్ అంటే దానికదే ఒక చిన్న కంప్యూటర్. అది నడవడానికి సొంత ప్రోగ్రాం కావాలి. ఖర్చు తగ్గించుకోవడానికి చాలా కంపెనీలు ఆ ప్రోగ్రాంను కార్డు మీద శాశ్వతంగా ఉంచవు. యంత్రం ఆన్ చేసిన ప్రతిసారీ డ్రైవర్ దాన్ని హార్డ్ డిస్క్ నుంచి తీసి చిప్‌లోకి ఎక్కించాలి. బావి గట్టున మోటారు పెట్టిన రైతుకు ఇది వెంటనే అర్థమవుతుంది. ఫుట్‌వాల్వు నీళ్లు నిలపకపోతే, స్విచ్ వేసిన ప్రతిసారీ పైపులో నీళ్లు పోస్తేనే మోటారు నీళ్లు అందుకుంటుంది. మోటారు మంచిదే, కరెంటూ ఉంది, పోయాల్సిన బిందెడు నీళ్లే పోయలేదు. ఫర్మ్‌వేర్ ఆ బిందెడు నీళ్లు.

ఈ మూడింటిలో ఏది లేకపోయినా తెర మీద కనిపించేది దాదాపు ఒకటే: వైఫై అడాప్టర్ దొరకలేదు అని. అందుకే ఎక్కడెక్కడో చూసిన ఆదేశాలన్నీ వరసగా కొట్టేస్తుంటారు. అవి ఒకదాని పని ఇంకొకటి చెడగొడతాయి. ముందు మూడింటిలో ఏది లేదో తేల్చుకోవాలి.

ఆ ఫర్మ్‌వేర్ ఏదో లినక్స్‌తోనే ఇయ్యొచ్చు గదా, ఎందుకు ఇయ్యరు?

ఇవ్వాలంటే కంపెనీ అనుమతి కావాలి. ఫర్మ్‌వేర్ రాసింది చిప్ తయారుచేసిన కంపెనీ. దాని మూలం బయటపెట్టదు. కనీసం తయారైన ఫైలునైనా అందరూ పంచుకోవచ్చని ఒక కాగితం ఇస్తే చాలు, పని జరిగిపోతుంది. ఇంటెల్ ఇలాగే ఇచ్చింది: మార్చకుండా పంచుకోవచ్చు. అందుకే ఇంటెల్ కార్డున్న ల్యాప్‌టాప్‌లో చాలావరకు లినక్స్ ఎక్కగానే వైఫై వస్తుంది.

బ్రాడ్‌కామ్ దారి వేరు. పాత డెల్, హెచ్‌పీ ల్యాప్‌టాప్‌లలో ఈ కార్డులు బాగా కనిపిస్తాయి. వాటికి చాలా ఏళ్లు కంపెనీ లినక్స్‌కు సమాచారం ఇవ్వలేదు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కార్యకర్తలే పూనుకున్నారు. ఒక బృందం కంపెనీ డ్రైవర్ ఎలా నడుస్తోందో గమనించి, చిప్ పనితీరును కాగితం మీద వివరించింది. ఆ డ్రైవర్‌ను కంటితో కూడా చూడని రెండో బృందం, ఆ వివరణ ఒక్కటే ముందు పెట్టుకుని కొత్త డ్రైవర్ రాసింది. చట్టం ముందు ఎవరూ కాపీ అనకుండా ఉండడానికి ఇంత జాగ్రత్త. ఆ పని 2005లో బయటికొచ్చి, 2008 జనవరిలో వచ్చిన 2.6.24 కెర్నల్‌లో బీ43 అన్న డ్రైవర్‌గా స్థిరపడింది. అయినా ఫర్మ్‌వేర్ పంచే హక్కు లేదు. అందుకని కంపెనీ డ్రైవర్ ఫైలును ఎవరికివారు తమ యంత్రంలోకి దించుకుంటే, అందులోంచి ఫర్మ్‌వేర్‌ను కోసి తీసే ఒక పనిముట్టు కూడా రాశారు. దాని పేరే ఫర్మ్‌వేర్ కట్టర్. అదీ కుదరని వాళ్లు ఎన్‌డీఐఎస్ ర్యాపర్ అన్నదాంతో విండోస్ ఎక్స్‌పీ డ్రైవర్‌నే లినక్స్‌లో నడిపించేవారు. 2010 సెప్టెంబరులో బ్రాడ్‌కామ్ కొన్ని చిప్‌లకు డ్రైవర్‌ను బహిరంగంగా విడుదల చేసింది. కొన్నింటికే.

అథెరోస్ అనే మరో చిప్ కంపెనీ కథ మనసుకు తృప్తినిస్తుంది. అది కూడా మొదట్లో సగం మూసిపెట్టిన డ్రైవర్‌తోనే నడిచింది. 2008లో కంపెనీయే ఏటీహెచ్9కే అన్న డ్రైవర్‌ను పూర్తిగా తెరిచి ఇచ్చింది. అదే ఏడాది అక్టోబరులో 2.6.27 కెర్నల్‌లో చేరింది. ల్యాప్‌టాప్ లోపల బిగించే ఆ తరం అథెరోస్ కార్డులకు ఫర్మ్‌వేర్ ఫైలే అవసరం లేదు. మూలం బయటపెడితే రేడియో నియమాలు తప్పుతారని కంపెనీలు చెప్పే కారణానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు జవాబుగా. 

లినక్స్ పంపిణీలు (డిస్ట్రోలు) కూడా ఈ విషయంలో నలిగాయి. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ నియమాన్ని గట్టిగా పట్టుకున్న డెబియన్, 2011లో వచ్చిన 6వ వెర్షన్ నుంచి మూసిపెట్టిన ఫర్మ్‌వేర్‌ను అధికారిక కెర్నల్ నుంచి తొలగించింది. సూత్రం సరైనదే. కానీ ఒక్క ల్యాప్‌టాప్ ఉన్న ఇంట్లో మొదటిసారి లినక్స్ ఎక్కించుకున్న విద్యార్థికి నెట్ రాకపోతే ఆ సూత్రం చేరే దారేది? 2022లో డెబియన్ సభ్యులు ఓటు వేసి, ఇన్‌స్టాల్ చేసే డిస్కులోనే ఫర్మ్‌వేర్ కలపాలని నిర్ణయించారు. 2023 జూన్ 10న వచ్చిన డెబియన్ 12 నుంచి అది అమలైంది. నా మటుకు అది సరైన నిర్ణయం. మీ దగ్గర అంతకు ముందటి డెబియన్ పెన్‌డ్రైవ్ ఉంటే పక్కన పెట్టి కొత్తది దించుకోండి, సగం సమస్య అక్కడే తీరిపోతుంది.

నెట్ లేకుంటే ఆ ఫైళ్లు ఎట్ల దించుకోవాలె?

ఫోనుతో. హాట్‌స్పాట్ పనికిరాదు, ఎందుకంటే దాన్ని అందుకోవడానికీ వైఫైయే కావాలి. చార్జింగ్ కేబుల్‌తో ఫోనును ల్యాప్‌టాప్‌కు కలపండి. ఫోను సెట్టింగ్స్‌లో హాట్‌స్పాట్, టెథరింగ్ అన్నచోట యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి. లినక్స్ దాన్ని వైరు నెట్‌వర్క్‌లాగే చూస్తుంది. ఆండ్రాయిడ్ ఫోనుకు వేరే డ్రైవర్ ఏదీ వేయక్కర్లేదు. కేబుల్ మాత్రం డేటా మోసేది కావాలి. కొన్ని కేబుళ్లు చార్జింగ్ తప్ప ఇంకేమీ మోయవు, వాటితో ఆ ఆప్షన్ మసగ్గానే ఉండిపోతుంది.

ఇంకొక జాగ్రత్త. నెట్ రాగానే ఉబుంటు మొత్తం అప్‌డేట్ మొదలుపెట్టకండి, ఆ రోజు డేటా అంతా దానికే పోతుంది. కావాల్సిన ఒక్క ప్యాకేజీ దించుకుని, వైఫై వచ్చాక మిగతాది చూసుకోవచ్చు.

నా కార్డు ఏదో ఎట్ల తెలుస్తది?

ల్యాప్‌టాప్ మీద అంటించిన స్టిక్కర్ చూడొద్దు. అది ల్యాప్‌టాప్ పేరు. మనకు కావాల్సింది చిప్ సంఖ్య. టెర్మినల్ తెరిచి ‘ఎల్ఎస్‌పీసీఐ’ అని, ఒక ఖాళీ వదిలి, ‘-ఎన్ఎన్‌కే’ అని కొట్టండి. అన్నీ ఇంగ్లీషు చిన్న అక్షరాలే. పెద్ద జాబితా వస్తుంది. అందులో నెట్‌వర్క్ కంట్రోలర్ అన్న వరస వెతకండి. చదరపు బ్రాకెట్లలో నాలుగు గుర్తులు, మధ్యలో రెండు చుక్కలు, మళ్లీ నాలుగు గుర్తులు ఉంటాయి. మొదటి నాలుగూ కంపెనీ, తరువాతి నాలుగూ చిప్. 8086తో మొదలైతే ఇంటెల్. బయటి నుంచి యూఎస్‌బీకి పెట్టే డాంగిల్ అయితే ‘ఎల్ఎస్‌యూఎస్‌బీ’ కొట్టాలి.

ఆ వరస కిందే ఏ డ్రైవర్ వాడుకలో ఉందో చెప్పే ఇంకో వరస ఉండాలి. ఆ వరస లేకపోతే డ్రైవర్ పట్టుకోలేదని అర్థం. ఉండి కూడా వైఫై రాకపోతే ఫర్మ్‌వేర్ మీద అనుమానం. అది తేల్చడానికి ‘సుడో డీఎంఈఎస్‌జీ’ కొట్టి, కెర్నల్ చెప్పుకున్న మాటల్లో ఫర్మ్‌వేర్ అన్న పదం వెతకండి. ఫైలు పేరు చెప్పి, చివర ఎర్రర్ -2 అని ఉంటే, ఆ ఫైలు డిస్కులో లేదని కెర్నల్ నేరుగా చెబుతున్నట్టే. ఏ ఫైలు కావాలో అదే పేరు పెట్టి అడుగుతోంది. ఇంతకంటే స్పష్టంగా ఏ యంత్రమూ చెప్పదు.

అసలు జాబితాలోనే కార్డు లేకపోతే అది సాఫ్ట్‌వేర్ విషయం కాదు. బయోస్‌లో వైర్‌లెస్ ఆపేసి ఉండవచ్చు, లోపల కార్డు వదులై ఉండవచ్చు. విప్పి తిరిగి బిగించే పని వస్తే స్విచ్ ఆఫ్ చేసి, బ్యాటరీ కనెక్షన్ తీసిన తరువాతే.

కార్డు తెలిసింది. ఇగ ఏం జేయాలె?

ఫర్మ్‌వేర్ ఒక్కటే తక్కువైతే పని సులువు. ఉబుంటు, మింట్‌లలో లినక్స్-ఫర్మ్‌వేర్ అన్న ప్యాకేజీని కొత్తగా వేస్తే చాలు. డెబియన్‌లో కంపెనీకొక ప్యాకేజీ ఉంటుంది, రియల్‌టెక్‌కు వేరు, ఇంటెల్‌కు వేరు. వేసి, ఒకసారి రీస్టార్ట్ చేయండి.

డ్రైవరే పట్టుకోకపోతే ముందుగా కెర్నల్ వయసు చూడండి. ‘యూనేమ్ -ఆర్’ కొడితే వెర్షన్ చెబుతుంది. కార్డు మార్కెట్లోకి వచ్చిన కాలం కంటే కెర్నల్ కొత్తదై ఉండాలి, ఇది దాదాపు తప్పని సూత్రం. ఇంటెల్ ఏఎక్స్210 కార్డుకు 5.10 కెర్నల్ కావాలి. ఉబుంటు 20.04 మొదట వచ్చింది 5.4తో. ఆ పాత పెన్‌డ్రైవ్‌తో ఎన్ని రోజులు తలపడినా ఆ కార్డు లేవదు, కొత్త వెర్షన్ వేస్తే నిమిషంలో లేస్తుంది. రియల్‌టెక్ విషయంలోనూ ఇంతే. 2019లో 5.2 కెర్నల్‌తో ఆర్‌టీడబ్ల్యూ88 అన్న కొత్త డ్రైవర్ వచ్చాక, తక్కువ ధర ల్యాప్‌టాప్‌లలో ఉండే చాలా చిప్‌లకు ఒక్కొక్కటిగా దారి దొరికింది. అంతకు ముందు రాసిన సలహాలు పట్టుకుని ఎక్కడిదో డ్రైవర్‌ను కంపైల్ చేయాల్సిన అవసరం ఇప్పుడు చాలా తగ్గింది.

బ్రాడ్‌కామ్‌లో బీసీఎం43142 లాంటి చిప్‌లు ఇప్పటికీ కంపెనీ ఇచ్చిన మూసిన డ్రైవర్‌తోనే నడుస్తాయి. ఉబుంటులో అడిషనల్ డ్రైవర్స్, మింట్‌లో డ్రైవర్ మేనేజర్ తెరిస్తే అదే చూపిస్తుంది, ఎంచుకుని అప్లై నొక్కాలి. ఇక్కడొక చోట చాలామంది తప్పిపోతారు. సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే, బయటి నుంచి వచ్చిన డ్రైవర్‌ను కెర్నల్ నమ్మదు. అందుకే ఇన్‌స్టాల్ సమయంలో ఒక పాస్‌వర్డ్ పెట్టుకోమంటుంది. రీస్టార్ట్ చేయగానే నీలి తెర వస్తుంది, కొన్ని క్షణాలే ఉంటుంది. అందులో ఎన్‌రోల్ ఎంఓకే అన్నది ఎంచి ఆ పాస్‌వర్డ్ ఇవ్వాలి. నీలి తెర చూసి భయపడి వదిలేస్తే డ్రైవర్ ఉన్నా లేనట్టే. వదిలేసి ఉంటే ఆ డ్రైవర్‌ను తీసి మళ్లీ వేయండి, తెర మళ్లీ వస్తుంది.

డ్రైవర్ ఉంది, ఫర్మ్‌వేర్ ఉంది, అయినా స్విచ్ ఆన్ కావడం లేదంటే ‘ఆర్‌ఎఫ్‌కిల్ లిస్ట్’ కొట్టి చూడండి. సాఫ్ట్ బ్లాక్ అంటే ఓఎస్ ఆపింది, ‘సుడో ఆర్‌ఎఫ్‌కిల్ అన్‌బ్లాక్ ఆల్’తో తీరుతుంది. హార్డ్ బ్లాక్ అంటే బయట స్విచ్చో, విమానం బొమ్మ ఉన్న మీటో ఆపింది. దాన్ని ఏ ఆదేశమూ తీయలేదు, చేత్తో నొక్కాల్సిందే. విండోస్, లినక్స్ రెండూ ఉంచుకున్న వాళ్లు ఇంకొకటి గమనించాలి. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే, షట్‌డౌన్ చేసినా అది పూర్తిగా ఆగదు, కార్డును కొన్నిసార్లు తన పట్టులోనే ఉంచుకుంటుంది. విండోస్‌లోని పవర్ ఆప్షన్లలో దాన్ని తీసేయండి.

వైఫై వచ్చింది గానీ సిగ్నల్ ఒక్క గీతే. రూటర్ పక్కనే కూసున్నా అంతే.

కొన్ని తక్కువ ధర ల్యాప్‌టాప్‌లలో, ముఖ్యంగా రియల్‌టెక్ ఆర్‌టీఎల్8723బీఈ ఉన్నవాటిలో, కార్డుకు రెండు యాంటెన్నా చోట్లుంటే ఒక్కదానికే వైరు బిగించి పంపారు. డ్రైవర్ రెండో చోటును నమ్ముకుంటే గాలిలో చేయి చాచినట్టే. ఆ డ్రైవర్‌కు ‘యాంట్_సెల్’ అనే ఆప్షన్‌ను 2గా, అది కుదరకపోతే 1గా ఇస్తే సిగ్నల్ ఒక్కసారిగా నిండుతుంది. అంతకు ముందు రూటర్ మార్చి డబ్బు పెట్టకండి.

గోడలను కూడా లెక్కలోకి తీసుకోవాలి. గద్వాల మట్టికోటలో డిగ్రీ కాలేజీ నడుస్తుంది, వనపర్తి రాజావారి భవనంలో పాలిటెక్నిక్ నడుస్తుంది. అలాంటి లావు గోడలను 5 గిగాహెర్ట్జ్ తరంగం దాటడం కష్టం, 2.4 కొంత మెరుగు. గోడ దాటిన గదిలో లినక్స్‌ను తప్పు పట్టే ముందు ఫోనుకు ఎంత సిగ్నల్ వస్తోందో చూడండి.

ఫోనుకు కనిపించే నెట్‌వర్క్ ల్యాప్‌టాప్‌కు అసలే కనిపించకపోతే చానెల్ విషయం కావచ్చు. ఏ దేశంలో ఏ చానెల్ వాడవచ్చో లినక్స్ ఒక జాబితా పెట్టుకుని పాటిస్తుంది. దేశం తెలియకపోతే జాగ్రత్తగా ఉండి 12, 13 చానెళ్లలో తానుగా మాట్లాడదు. మన దేశంలో 2.4 గిగాహెర్ట్జ్ పట్టీని 2005లోనే లైసెన్సు లేకుండా వాడుకోనిచ్చారు, 5 గిగాహెర్ట్జ్‌లో జాగాను 2018 అక్టోబరులో బాగా పెంచారు. ‘సుడో ఐడబ్ల్యూ రెగ్ సెట్ ఐఎన్’ అని కొట్టండి. ఇందులో చివరి ఐఎన్ ఒక్కటీ పెద్ద అక్షరాలు. కార్డు మాట వినకపోతే రూటర్‌నే 1, 6, 11లలో ఒకదానికి మార్చండి.

ఇంత తిప్పలెందుకు, డాంగిల్ కొంటే అయిపోదా?

అవుతుంది, చూసి కొంటే. డబ్బా మీది మోడల్ పేరును నమ్మొద్దు. టీపీ-లింక్ డబ్ల్యూఎన్722ఎన్ అన్న డాంగిల్ మొదటి వెర్షన్‌లో అథెరోస్ చిప్ ఉండేది, లినక్స్‌లో పెట్టగానే పనిచేసేది. రెండో వెర్షన్ నుంచి అదే పేరు మీద రియల్‌టెక్ చిప్ వచ్చింది. మొదటిదాని గురించి రాసిన పొగడ్త చదివి రెండోది కొన్నవాళ్లు ఇబ్బంది పడ్డారు. వెర్షన్ సంఖ్య డాంగిల్ వెనక చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఇంకొన్ని డాంగిళ్లు పెట్టగానే సీడీ డ్రైవ్‌లా కనిపిస్తాయి, లోపల విండోస్ డ్రైవర్ దాచి పెట్టారు కాబట్టి. ఆ సీడీని ఎజెక్ట్ చేస్తేగానీ వైఫై బయటపడదు. యూఎస్‌బీ-మోడ్‌స్విచ్ అన్న ప్యాకేజీ ఆ పని తానే చేస్తుంది.

లోపలి కార్డునే మార్చుకోవాలంటే ఇంటెల్ ఏఎక్స్200, ఏఎక్స్210 మంచి ఎంపిక. ఏఎక్స్201 మాత్రం తీసుకోవద్దు. పేరు దగ్గరగా ఉన్నా అది సగం కార్డే, మిగతా సగం కొన్ని ఇంటెల్ ప్రాసెసర్ల లోపల ఉంటుంది. ఏఎండీ యంత్రంలో అది పనిచేయదు. మీ ల్యాప్‌టాప్‌లో ఉన్నది ఎం.2 సాకెట్టో, పాత మినీ పీసీఐ ఎక్స్‌ప్రెస్సో విప్పి చూసుకున్నాకే డబ్బు కట్టండి. పాత హెచ్‌పీ, లెనోవో యంత్రాల్లో కొన్ని తమ జాబితాలో లేని కార్డు పెడితే స్టార్ట్ కావడానికే నిరాకరిస్తాయి. వాటికి డాంగిలే దిక్కు.

ఇదంతా తెలుగులో చెప్పేవాళ్లు ఎవరు?

హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే స్వేచ్ఛ సంస్థ 2005 నుంచీ ఆ ప్రయత్నంలో ఉంది. డెబియన్ పునాది మీద తెలుగు ఓఎస్ తయారుచేసింది, కాలేజీ విద్యార్థులతోనే చేయించింది. మెనూలు తెలుగులోకి వచ్చాయి. రావలసింది ఇలాంటి చిక్కులు విప్పిన అనుభవం. దాన్ని ఏ కంపెనీయూ రాసివ్వదు.

గద్వాల నడిగడ్డలోనో, నల్లమల అంచునో ఉన్న ఒక కాలేజీ ల్యాబులో ఇరవై ల్యాప్‌టాప్‌లు చూస్తే, వాటిలో ఉండేవి నాలుగైదు రకాల వైఫై చిప్‌లే. ఒకరికి తీరిన సమస్య మరో నలుగురికి తీరినట్టే. అందుకే ఈ జవాబు చదివి వైఫై తెచ్చుకున్న ప్రతి ఒక్కరినీ ఒకటి అడుగుతున్నాను. చిప్ సంఖ్య, కెర్నల్ వెర్షన్, ఏ ప్యాకేజీ వేస్తే వచ్చిందో తెలుగులో మూడు వరసలు రాసి, మీ ల్యాబు గోడకు అంటించండి. సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ కొనబోయే వాళ్లు లినక్స్ ఉన్న పెన్‌డ్రైవ్ జేబులో పెట్టుకుని వెళ్లండి. ఇన్‌స్టాల్ చేయకుండానే పెన్‌డ్రైవ్ నుంచి నడిపి, దుకాణంలోనే మీ ఫోను హాట్‌స్పాట్‌కు కలిపి చూపించమనండి. వైఫై కలిశాకే డబ్బు ఇవ్వండి.